నిచ్చెన బండెక్కిన కథ



మామిడి కోతలొస్తున్నాయంటే నిచ్చెనలు, చిక్కం గెడలు, ట్రేలు అన్నీ ట్రాక్టర్ ట్రక్కుల మీద, ఆటోల మీద తోటలకి బయలుదేరతాయి. నిచ్చెన ఎక్కేటప్పుడు జాగ్రత్త అని అందరం చెప్పుకుంటాం. కింద ఒకడు కాళ్లతో అదిమి పట్టుకోవాలంటాం, తడి మెట్టు మీద కాలు పెట్టొద్దంటాం. కానీ ఆ నిచ్చెన ఇంటి దగ్గర్నుంచి తోట దాకా ఎలా వెళ్లిందో ఎవరం పట్టించుకోం. ట్రక్కులో అడ్డంగానో నిలువుగానో పడేసి, మీద ఇద్దరు కుర్రాళ్లని కూర్చోబెట్టి, "పట్టుకోండ్రా" అంటాం. అదే మన కట్టు.

నిచ్చెనని బండి మీద ఎలా మోయాలి అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దీని వెనక రెండు వందల ఏళ్లకి పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో పెద్ద భాగం నడిపింది మంటలార్పేవాళ్లు. వాళ్లకి నిచ్చెన లేటైతే మనిషి పోతాడు, దారిలో జారిపడినా మనిషి పోతాడు. అందుకే ఆ పని మీద వాళ్లు పెట్టినంత బుర్ర ఇంకెవరూ పెట్టలేదు. ఆ కథ తెలుసుకుంటే మన ట్రక్కు మీద నిచ్చెన ఎక్కడుండాలో మనకే అర్థమవుతుంది.

నిచ్చెన కదలని రోజులు

నిచ్చెన చాలా పాతది. స్పెయిన్ దేశంలో వాలెన్సియా దగ్గర బికోర్ప్ అనే ఊరి పక్కన ఒక కొండ గుహ ఉంది. అందులో గోడ మీద వేల ఏళ్ల నాటి బొమ్మ ఒకటి ఉంది. ఒక మనిషి తాళ్ల నిచ్చెనలాంటి దాన్ని పట్టుకుని పైకెక్కి తేనెపట్టు తీస్తున్నాడు, చుట్టూ తేనెటీగలు ముసురుతున్నాయి. అంటే నాగలి లాగా, కొడవలి లాగా నిచ్చెన కూడా మనిషికి పాత చుట్టమే.

కాకపోతే ఆ వేల ఏళ్లూ నిచ్చెన పెద్దగా ప్రయాణం చెయ్యలేదు. మన ఇళ్లల్లోనే చూడండి. గాదె దగ్గరి నిచ్చెన గాదె దగ్గరే, అటక నిచ్చెన అటక కిందే. ఇల్లు కప్పేటప్పుడో, వామి వేసేటప్పుడో పక్కింటి వాళ్లది అడిగి తెచ్చుకునేవాళ్లు. ముందొకడు, వెనకొకడు భుజాన వేసుకుంటే చాలు. వెదురుది కాబట్టి బరువు లేదు, దూరం వీధి చివరి దాకానే. మలుపు దగ్గర వెనకవాడు "ఆగు ఆగు, తిరుగుతున్నా" అని అరిచేవాడు. ఆ అరుపు గుర్తుపెట్టుకోండి, దాని సంగతి తర్వాత వస్తుంది.

నిచ్చెన దూరం పోవాల్సిన అవసరం పట్నాల్లో పుట్టింది. అదీ నిప్పు వల్ల.

గుడి దగ్గర నిచ్చెన, వీధిలో మంట

1666 సెప్టెంబరులో లండన్ నగరం నాలుగు రోజులు తగలబడింది. సుమారు 13,200 ఇళ్లు, 87 చర్చిలు పోయాయి. అప్పటికి అక్కడ ఫైరింజన్ల డిపార్ట్‌మెంటు అంటూ ఏమీ లేదు. ప్రతి పేటలో చర్చి దగ్గర తోలు బకెట్లు, నిచ్చెనలు, పొడుగాటి కర్రలకు తగిలించిన ఇనుప కొక్కేలు ఉంచేవాళ్లు. మంట పక్కింటికి పాకకుండా ఆ కొక్కేలతో ఇళ్లు లాగి పడేసేవాళ్లు. మన ఊళ్లలో గడ్డివాము అంటుకుంటే పక్క వామిని లాగేస్తామే, అదే పద్ధతి.

వందేళ్ల తర్వాత 1774లో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసింది. లండన్‌లో ప్రతి పేటా కనీసం మూడు నిచ్చెనలు ఉంచాలి. ఒకటి ఒక అంతస్తుకి, ఒకటి రెండంతస్తులకి, ఒకటి మూడంతస్తులకి సరిపోవాలి. కాలుతున్న ఇంట్లోంచి మనుషుల్ని దింపడానికే ఈ ఏర్పాటు.

చట్టం మంచిదే. కానీ ఒక లెక్క వేసి చూడండి. మూడంతస్తులకి అందే నిచ్చెన అంటే ముప్పై అడుగులకి తక్కువుండదు. చెక్కది. చర్చి దగ్గరుంటుంది. మంట ఎక్కడో నాలుగు వీధుల అవతల, అర్ధరాత్రి. నలుగురిని నిద్ర లేపి, దాన్ని భుజాలకెత్తి, ఇరుకు సందుల్లో తిప్పుకుంటూ వెళ్లేసరికి ఏం మిగులుతుంది? నిచ్చెన ఉండటం వేరు, అవసరమైన చోటికి అది చేరడం వేరు. మన మండలంలో స్ప్రేయరు ఉందని కాగితంలో ఉంటుంది, పురుగు పడిన రోజున మన చేలోకి రాదు. అలాంటిదే ఇదీ.

నిచ్చెనకి చక్రాలొచ్చాయి

1836లో లండన్‌లో కొందరు కలిసి, అగ్నిప్రమాదాల నుంచి ప్రాణాలు కాపాడటానికని ఒక సంఘం పెట్టారు. ఈ సంఘంతో పేరొచ్చిన మనిషి అబ్రహాం వైవెల్. ఆయన ఇంజనీరు కాదు, మనుషుల ముఖాలు గీసే చిత్రకారుడు. కాలే ఇళ్లలోంచి మనుషుల్ని ఎలా దించాలా అని ఆలోచించి, చక్రాల మీద నడిచే నిచ్చెన ఒకటి తయారుచేశాడు.

రెండు పెద్ద చక్రాలు, స్ప్రింగులు ఉన్న ఇరుసు, దాని మీద నిలబెట్టిన పెద్ద నిచ్చెన. దానికి జోడించిన ఇంకో చిన్న నిచ్చెన పైకి లేస్తే ఇంకొంచెం ఎత్తు అందుతుంది. నిచ్చెన వెనక పొడుగూతా గుడ్డతో కుట్టిన తొట్టిలాంటిది ఉండేది. మెట్లు దిగలేని ఆడవాళ్లని, పిల్లల్ని అందులోంచి కిందికి జార్చేవాళ్లు.

ఆ సంఘం ఈ చక్రాల నిచ్చెనల్ని రాత్రిపూట వీధుల్లో, కూడళ్లలో నిలబెట్టి, ఒక్కోదాని దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టింది. మంట అని కేక వినపడితే చాలు, ఆ మనిషి దారిన పోయేవాళ్ల సాయం తీసుకుని నిచ్చెనని తోసుకుంటూ పరిగెత్తేవాడు. 1860ల నాటికి అలాంటి నిచ్చెనలు ఎనభైకి పైగా లండన్ వీధుల్లో ఉండేవి. 1867లో వాటన్నిటినీ కొత్తగా ఏర్పడిన మెట్రోపాలిటన్ ఫైర్ బ్రిగేడ్ తీసుకుంది.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. అప్పటిదాకా "నిచ్చెనని మనిషి మోస్తాడులే" అనుకున్నారు. ఇక్కడ మోసే సంగతి కూడా నిచ్చెనతో పాటే ఆలోచించారు. చక్రం ఎక్కడుండాలి, బరువు ఎక్కడ పడాలి, తోసేటప్పుడు తల ఊగకుండా ఎలా ఉండాలి అని. ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బరువు వెనక్కి పడితే నొగ పైకి లేచి కాడి ఎద్దుల గొంతు నొక్కుతుంది. ముందుకు పడితే మెడలు దిగిపోతాయి. ఇరుసుకి అటూ ఇటూ సమంగా సర్దితేనే బండి తేలిగ్గా నడుస్తుంది. గడ్డి కట్టినా, బస్తాలేసినా మన పెద్దలు చూసింది ఆ తూకమే.

పొడవు ఎక్కువైతే ముక్కలు చేశాడు

అదే కాలంలో ఇంకో మనిషి ఇంకో దారి పట్టాడు. ఆయన పేరు జేమ్స్ బ్రెయిడ్‌వుడ్. స్కాట్లండులోని ఎడిన్‌బరోలో 1824లో ఫైర్ బ్రిగేడ్‌ని తీర్చిదిద్దాడు. 1833లో లండన్ వచ్చి, బీమా కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న మంటలార్పే దళానికి పెద్ద అయ్యాడు.

ఆయన దళంలో గుర్రాలు లాగే ఇంజను బండ్లుండేవి. ఆ బండి మీద ముప్పై అడుగుల నిచ్చెన పెడితే ముందు గుర్రాలకి తగులుతుంది, వెనక వీధిలో జనానికి తగులుతుంది. అందుకని ఆ ఇంజన్ల మీద ఆరున్నర అడుగుల నిచ్చెన ముక్కలు ఉంచేవాళ్లు. ఒకదాని కాళ్లు ఇంకోదాని తలలో దూరేలా చేసి ఉండేవి. మంట దగ్గరికి వెళ్లాక ఎంత ఎత్తు కావాలో అన్ని ముక్కలు జోడించుకోవడమే. దారిలో మాత్రం బండి పొడవు దాటి అంగుళం కూడా బయటికి రాదు.

మనం చేసేది దీనికి సరిగ్గా ఎదురు. బండి చిన్నదైతే నిచ్చెనని వెనక్కి వేలాడదీస్తాం. ఆయన నిచ్చెననే బండికి తగ్గట్టు కుదించాడు. ఇప్పుడు మనకి షాపుల్లో దొరికే మడత నిచ్చెనలు, లాగితే పొడవయ్యే నిచ్చెనలు అన్నీ ఆ ఆలోచన దారిలోవే.

బ్రెయిడ్‌వుడ్ 1861 జూన్ 22న లండన్‌లో టూలీ స్ట్రీట్ గోదాముల మంట దగ్గర గోడ కూలి మీద పడి చనిపోయాడు. తన మనుషుల దగ్గరికి వెళ్లి మంచీచెడ్డా చూస్తూ ఉండగానే పోయాడు.

నిచ్చెన బండి మీద పడుకుంది

తోసుకుపోయే నిచ్చెన దగ్గర్లో మంటకి పనికొస్తుంది. ఊరు పెరిగేకొద్దీ దూరం పెరిగింది. చక్రాల నిచ్చెనని చక్రాలతో సహా గుర్రపు బండి మీద ఎక్కించడం మొదలుపెట్టారు. తర్వాత మోటారు వచ్చింది. 1903లో లండన్ పక్కనున్న టాటెన్‌హామ్‌లో పెట్రోలుతో నడిచే ఫైరింజను దిగింది. నిచ్చెన దాని మీదికెక్కింది.

ఆ కాలపు ఫోటోలు చూస్తే సంగతి తెలుస్తుంది. నిచ్చెన బండి మీద పొడుగ్గా పడుకుని ఉంటుంది. తల వైపు డ్రైవరు మీదుగా ముందుకు వస్తుంది. కాళ్ల వైపు దాని సొంత పెద్ద చక్రాలు బండి వెనక వేలాడుతుంటాయి. ముందొక ఆధారం, వెనకొక ఆధారం, కదలకుండా బిగింపు. అక్కడికి చేరగానే బిగింపు వదిలి వెనక్కి లాగితే నిచ్చెన తన చక్రాల మీద తనే నేలకి దిగుతుంది.

దాన్ని తాళ్లతో చుట్టి చుట్టి కట్టలేదు. నిచ్చెన కోసం బండి మీద ఒక గూడు చేశారు. అది కూర్చునే చోటు దానిదే. అక్కడ ఇంకేదీ పెట్టరు. ఎక్కించడం, దింపడం, బిగించడం రోజూ ఒకే తీరుగా జరుగుతాయి. చీకట్లో కూడా చెయ్యి వెతుక్కోకుండా వెళ్లి బిగింపు మీద పడుతుంది. మన మండలానికి గడ్డివాము మంటకి వచ్చే ఫైరింజను పైన చూడండి, నిచ్చెన పడుకోబెట్టి ఉంటుంది. ఆ చోటు వెనక ఇంత కథ ఉంది.

మనదేశంలో ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ మంటలంటుకుని పేలింది. అందులో పత్తి బేళ్లూ ఉన్నాయి, పేలుడు సామానూ ఉంది. మంటలార్పడానికి వెళ్లిన ఫైర్‌మెన్ 66 మంది పోయారు. వాళ్ల జ్ఞాపకంగానే ఆ వారం. ఆ రోజుల్లో మీ దగ్గరికి ఫైరింజను వస్తే, నీళ్లు చిమ్మడం ఒక్కటే చూసి రాకండి. నిచ్చెన బిగింపు చూపించమని అడగండి.

తోక తిరిగే చోట

అమెరికాలో ఇంకో చిక్కు వచ్చింది. అక్కడి నిచ్చెన బండ్లు చాలా పొడుగు. ముందు చక్రాలు మలుపు తిరిగినా వెనక భాగం వాటి వెంట సరిగ్గా రాదు. అందుకని ఆ బండ్లకి వెనక కూడా ఒక మనిషిని కూర్చోబెట్టి, వెనక చక్రాలు తిప్పే స్టీరింగు అతని చేతికిచ్చారు. ముందు డ్రైవరు ఒకడు, వెనక డ్రైవరు ఒకడు. ఇప్పటికీ అమెరికా పట్నాల్లో అలాంటి ఫైరింజన్లు తిరుగుతున్నాయి. మన వీధిలో భుజం మీద నిచ్చెనతో వెళ్లేటప్పుడు వెనకవాడు "తిరుగుతున్నా" అని అరిచేవాడన్నానే, ఆ వెనకవాడికే అక్కడ సీటూ స్టీరింగూ ఇచ్చారన్నమాట.

1868లో శాన్ ఫ్రాన్సిస్కోలో డేనియల్ హేస్ అనే ఆయన, నిచ్చెనని బండి మీది నుంచి దింపకుండానే చేతితో తిప్పే మరతో పైకి లేపేలా చేశాడు. అది 85 అడుగులు లేచేది. జర్మనీలో ఉల్మ్ పట్నంలో మాగిరస్ అనే ఆయన 1872లో గోడకి ఆనించకుండానే నిలబడే చక్రాల నిచ్చెన చేశాడు. ఆ పేరుతో కంపెనీ ఇప్పటికీ ఫైర్ నిచ్చెనలు తయారుచేస్తోంది.

అన్నీ గెలుపులే కావు. 1875 సెప్టెంబరు 14న న్యూయార్కులో బండి మీద ముక్కలు ముక్కలుగా పైకి లేచే కొత్త నిచ్చెనని జనం ముందు పరీక్షించారు. దాదాపు వంద అడుగుల ఎత్తుకి లేపారు. మనుషులు ఎక్కుతుండగా నిచ్చెన విరిగింది. విలియం నాష్ అనే అధికారి, ఇంకో ఇద్దరు ఫైర్‌మెన్ చనిపోయారు. అక్కడ మంట లేదు, తొందర లేదు. చూపించడానికి ఎక్కించిన నిచ్చెన అది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ నగరం అలాంటి నిచ్చెనల జోలికి పోలేదు.

మన సంగతికొద్దాం. మన ట్రక్కు తొట్టి పది పన్నెండు అడుగులుంటుంది. బోరు పైపు ఇరవై అడుగులు. నిచ్చెన పదిహేను, పద్దెనిమిది. వెనక మూడు అడుగుల నుంచి పది అడుగుల దాకా బయటికి వేలాడుతుంది. ట్రాక్టరు ఎడమకి తిరిగితే వెనక ఆ తోక కుడివైపుకి ఊడుస్తుంది. ట్రక్కు అడుగు భాగం నేల నుంచి మూడున్నర, నాలుగు అడుగుల ఎత్తు. అంటే ఆ కొస సరిగ్గా బైకు మీద వచ్చేవాడి గుండెకో గొంతుకో అందుతుంది. మన ట్రక్కుకి వెనక స్టీరింగు లేదు, అరిచే మనిషీ లేడు. చీకటి పడితే ఎర్రగుడ్డ కూడా కనపడదు.

దీనికి చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, అనుమతించిన హద్దు దాటి సరుకు పక్కకో, ముందుకో, వెనక్కో, పైకో బయటికి వచ్చేలా బండి నడిపితే 20,000 రూపాయలు జరిమానా. దించిన ఖర్చు కూడా మనదే. నడిపినవాడికే కాదు, నడపమన్నవాడికీ వర్తిస్తుంది. ఆటో కిరాయికి మాట్లాడి "ఏం కాదులే, పోనీ" అనే రైతు కూడా అందులో ఉన్నట్టే.

వెదురు పోయి అల్యూమినియం వచ్చింది

ఇప్పుడు అసలు ప్రాణం మీదికొచ్చే సంగతి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అల్యూమినియం నిచ్చెనలు లోకమంతా వ్యాపించాయి. తేలిక, చెదలు పట్టవు, వానకి చీకవు. మన ఊళ్లలోకి కూడా వచ్చాయి. ఇనుప పైపులతో వెల్డింగ్ షాపులో చేయించుకున్న నిచ్చెనలు సరేసరి. వెదురు నిచ్చెన కట్టేవాళ్లు తగ్గిపోయారు.

కానీ శాన్ ఫ్రాన్సిస్కో ఫైర్ డిపార్ట్‌మెంటు మాత్రం ఇప్పటికీ చెక్క నిచ్చెనలే వాడుతుంది. డబ్బుల్లేక కాదు. 1917 నుంచి వాళ్లకి సొంతంగా నిచ్చెనలు చేసే వడ్రంగి షాపు ఉంది. పాత నిచ్చెనల్ని చెక్కి, మెట్లు మార్చి, పరీక్షించి మళ్లీ బండెక్కిస్తారు. కారణాల్లో ముఖ్యమైనది కరెంటు. ఆ నగరం వీధుల మీద కరెంటు బస్సుల తీగలు, మామూలు తీగలు అల్లుకుపోయి ఉంటాయి. ఆరిన చెక్క కంటే లోహంలోంచి కరెంటు ఎన్నో రెట్లు సులభంగా పారుతుంది. అందుకని పాతదాన్నే పట్టుకుని ఉన్నారు. అలాగని చెక్క ఐతే భయం లేదని కాదు. తడిసిన వెదురు, పచ్చి వెదురు కూడా కరెంటుని తీసుకొస్తాయి. పదకొండు వేల ఓల్టుల దగ్గర ఏ కర్రనీ నమ్మకూడదు.

మన తీగల ఎత్తు సంగతి చూద్దాం. భారత విద్యుత్ నియమాలు 1956లో వచ్చాయి. వాటి ప్రకారం రోడ్డుకి అడ్డంగా వెళ్లే తీగ, ఇళ్లకిచ్చే లైనైతే నేల నుంచి కనీసం 5.8 మీటర్లు, పదకొండు వేల లైనైతే 6.1 మీటర్లు ఉండాలని ఉండేది. అంటే 19, 20 అడుగులు. రోడ్డు కాని చోట, అంటే పొలాల్లో, పదకొండు వేల దాకా తొడుగు లేని తీగ 4.6 మీటర్లుంటే చాలని ఉండేది. అంటే 15 అడుగులు. రోడ్డు మీద కంటే మన చేలో తీగ కిందికి ఉండొచ్చని రూలే ఒప్పుకుంది. ఇది తీగ సరిగ్గా ఉంటే. ఎండకి సాగి, స్తంభం ఒరిగి, వేలాడే తీగలు ఎన్ని చూళ్లేదు మనం!

ట్రక్కు అడుగు నాలుగడుగులు. దాని మీద పన్నెండడుగుల నిచ్చెన నిలబెట్టి పట్టుకుంటే కొస 16 అడుగులు. చేను గట్టు దాటేటప్పుడు ట్రక్కు ఎగిరిందా, ఇంకో అడుగు. నిచ్చెనే అక్కర్లేదు, సరుకు మీద కూర్చున్న కుర్రాడు చిక్కం గెడని నిలువుగా పట్టుకున్నా అంతే. స్ప్రింక్లర్ పైపులో ఎలకో, ఉడతో దూరిందని పైపుని నిలబెట్టి దులిపేటప్పుడు జరిగేదీ ఇదే. ఆ కుర్రాడు ఎవరో కాదు, కూలికి వచ్చిన పక్కింటి పిల్లాడు, లేకపోతే మన పిల్లాడే.

మనం "నిచ్చెన జారిపోకుండా పట్టుకోండ్రా" అని ట్రక్కులో ఎక్కించిన మనుషులే ముందు పోతారు. అందుకే ఫైరింజన్ల మీద నిచ్చెన పడుకునే ఉంటుంది, దాన్ని పట్టుకోవడానికి మనిషిని కూర్చోబెట్టరు. నిచ్చెనని బండి పట్టుకోవాలి గానీ మనిషి పట్టుకోకూడదు. రెండు వందల ఏళ్ల కథలో నాకు అర్థమైంది ఇదొక్కటే.

మన ట్రక్కు మీద ఎలా

పెద్ద ఖర్చేమీ లేదు. వెల్డింగ్ షాపులో ఒక పూట పని.

తొట్టికి ఒక పక్కన, డోరు పైఅంచు కంటే కొంచెం ఎత్తులో, ముందొకటి వెనకొకటి రెండు ఇనుప కమ్ములు వంచి కొక్కేల్లా వేయించండి. నిచ్చెన దాని అంచు మీద నిలబడి, ఆ రెండిటి మీద కూర్చోవాలి. తొట్టి బయటికి కాదు, లోపలి వైపుకి పెట్టించండి, పక్కన వెళ్లేవాళ్లకి తగలకుండా. కొక్కేల మీద పాత ట్రాక్టర్ ట్యూబు ముక్క చుడితే రాపిడి ఉండదు, అల్యూమినియం అరగదు. ఆధారాల మధ్య దూరం ఎంత ఎక్కువుంటే నిచ్చెన అంత తక్కువ ఊగుతుంది. మొత్తం బరువులో ఎక్కువ భాగం ఆ రెండిటి మధ్యే పడాలి.

కట్టేటప్పుడు నిలువు కర్రకి మాత్రమే తాడు చుడితే బ్రేకు వేసిన వెంటనే నిచ్చెన ఆ తాడులోంచి ముందుకు జారిపోతుంది. ఇంజను వైపు దూసుకొస్తే తగిలేది డ్రైవరు వీపుకే. తాడుని మెట్టు కింద నుంచి తిప్పి కట్టాలి. అప్పుడు జారాలన్నా మెట్టు అడ్డుపడుతుంది. ముందు చోట ఒక కట్టు, వెనక చోట ఒక కట్టు, రెండూ వేరు వేరు తాళ్లతో. ఒకే తాడుతో రెండు చోట్లా చుట్టేస్తే ఒకచోట తెగితే రెండో చోటా వదులైపోతుంది.

సైకిల్ ట్యూబు ముక్కలతో కట్టడం మనకి అలవాటు. ట్యూబు సాగుతుంది. సాగేది కట్టు కాదు, ఉయ్యాల. నైలాను తాడు కూడా బరువు పడితే సాగుతుంది, ముడి జారుతుంది. మన పెద్దలు గడ్డిబండికి మోకు వేసి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పి బిగించేవాళ్లు. లారీల వాళ్లు వాడే పట్టీ బెల్టులో గేరు చేసేదీ ఆ పనే. అలాంటి చిన్న బెల్టులు రెండు కొనుక్కుంటే ఏళ్ల తరబడి వస్తాయి. ఒక కిలోమీటరు వెళ్లాక ఆపి ఒకసారి చేత్తో లాగి చూడండి. కొత్త కట్టు మొదటి గతుకుల్లోనే వదులవుతుంది.

తొట్టి కంటే పొడుగున్న నిచ్చెన ఐతే బ్రెయిడ్‌వుడ్ మాట గుర్తుచేసుకోండి. రెండు ముక్కలుగా చేయించుకోండి, లేదా తోటలోనే ఒక చెట్టుకి గొలుసు వేసి తాళం పెట్టి వదిలేయండి. రోజూ తిప్పడం ఎందుకు? చెట్టు నీడలో పడుకోబెట్టి ఉంచిన నిచ్చెన ఎవరినీ చంపదు.

చివరగా తీగలు. కోతలకి ముందు ఒక రోజు తోట దారంతా తల పైకెత్తి ఒకసారి నడవండి. ఎక్కడ తీగ కిందికి ఉందో, ఆ కింద దారి పక్కన ఒక రాయికి ఎర్ర రంగు వేయండి. ట్రాక్టరు ఆ రాయి దగ్గరికి రాగానే ట్రక్కు మీద నిలువుగా ఏదీ ఉండకూడదు. మనిషి కూడా నిలబడకూడదు. వేలాడే తీగ గురించి లైన్‌మన్‌కి చెప్పండి. ఒక్కరు చెబితే పట్టించుకోకపోతే నలుగురు కలిసి కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. నోటి మాటకి లెక్క ఉండదు, కాగితానికి ఉంటుంది.

లండన్‌లో నిచ్చెన ఉండీ మంట దగ్గరికి చేరక పోయిన ప్రాణాల వల్ల దానికి చక్రాలొచ్చాయి. న్యూయార్కులో ముగ్గురు పోయాక ఊరు ఆగి ఆలోచించింది. మనం ఇంకొకరు పోయేదాకా ఆగక్కర్లేదు. ఆ పాఠాలు వేరేవాళ్లు ఎప్పుడో నేర్చుకుని పెట్టారు, మనం రెండు కొక్కేలు వేయించుకుంటే చాలు.

ఈ ఏడాది కోతలు మొదలుపెట్టేలోపు ఆ పని పూర్తి చేయండి. ట్రక్కు మీద నిచ్చెనకి చోటు దొరికితే, అక్కడ కూర్చునే కుర్రాడు కిందికి దిగుతాడు.